పాతది ఏదీ?

మా మామగారికి జీవితంలో ఒకటే ప్రశ్న: "పాతది ఏదీ?" ఆయనది కార్ల ఆయిల్ ఫిల్టర్ల షాపు. వచ్చింది ఎంత గొప్పవారైనా, ఆగింది ఎంత పెద్ద కారైనా, కొత్త ఫిల్టర్ అడగగానే ఆయన కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, చెయ్యి చాపి, అదే ప్రశ్న వేస్తారు. పాతది ఇస్తే కొత్తది చేతిలో పడుతుంది. లేకపోతే ఆ మనిషి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాలి. ఈ వీధిలో ఆయన అసలు పేరు పోస్ట్‌మాన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన 'పాతదేదీగారు'.

ఆయిల్ ఫిల్టర్ ఎలా ఉంటుందో తెలియనివారికి ఒక్క ముక్క చెప్పాలి. చిన్న పాలపొడి డబ్బా అంత ఉంటుంది. ఇంజన్లో తిరిగే నూనెని దాని లోపలున్న మడతల కాగితం వడగడుతుంది. పైకి అన్నీ ఒకే తల్లి పిల్లల్లా కనిపిస్తాయి గానీ ఎత్తు, వెడల్పు, బిగించే మర, అంచున ఉండే రబ్బరు రింగు, వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా చిక్కే. నూనె కారిపోతుంది, కారిపోయాక ఇంజను బిగుసుకుపోతుంది. అంచేత పాతది చూసి కొత్తది ఇవ్వడంలో తప్పేమీ లేదు. తప్పల్లా ఆ అలవాటుని షాపులో వదలకుండా వెంట ఇంటికి తెచ్చుకోవడంలో ఉంది.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మూడో రోజున వంటింట్లో బల్బు మాడిపోయింది. షాపుకి బయల్దేరుతున్న మామగారి దగ్గరికి వెళ్ళి కొత్త కోడలికి తగినంత మెల్లగా అడిగాను.

"మామయ్యగారూ, వచ్చేటప్పుడు ఒక బల్బు తెస్తారా?"

"పాతది ఏదీ అమ్మా?"

"ఇంకా పైనే ఉందండీ. చెయ్యి అందలేదు."

"అయితే స్టూలు వేసుకుని దించి ఉంచు. రేపు తెస్తాను."

ఆ పూట కిటికీ వెలుగులో కూరలు తరిగాను. అత్తయ్యగారు నా భుజం తట్టి, "నువ్వింకా నయం అమ్మాయ్. నీకు పెళ్ళి కుదిరినప్పుడు, 'కొత్త కోడలు వస్తోంది' అని ఈయనకి చెప్పడానికే భయపడ్డాను" అన్నారు. అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఇద్దరం గోడకి చేరగిలబడి నవ్వాం.

పళ్ళ డాక్టరు దగ్గర జరిగింది ఇంకా ఘనం. మామగారికి కింది పన్ను ఒకటి తీసేసి, వారం తర్వాత కట్టుడు పన్నుకి రమ్మన్నారు. ఈయన ఆ ఊడిన పన్నుని అగ్గిపెట్టెలో దూది వేసి భద్రంగా పట్టుకెళ్ళారు.

"ఇదేంటండీ?" అన్నాడట డాక్టరు.

"పాతది. మీరు అడగలేదు. అడగాలి బాబూ, సైజు ఎలా తెలుస్తుంది మరి?"

ఆ డాక్టరు ఇప్పటికీ మా అత్తయ్యగారు కనిపిస్తే అగ్గిపెట్టె క్షేమమా అని అడుగుతాడు.

షాపులో మాత్రం ఆ ప్రశ్నకి అప్పుడప్పుడూ ఫలితం ఉండేది. ఒకసారి పిల్లల డాక్టరమ్మ ఎంతో వినయంగా పాత ఫిల్టర్ కాగితంలో చుట్టి తెచ్చింది. మామగారు దాన్ని తిప్పి చూసి, "దీని రబ్బరు రింగు ఏదీ?" అన్నారు. "రింగు కూడా తేవాలా?" అని ఆవిడ నీరుగారిపోయింది. "తేవాలనేం లేదమ్మా. దీనితో రాలేదంటే ఇంజనుకే అతుక్కుని ఉంది. చూసుకోకుండా దాని మీద కొత్తది బిగిస్తే రెండు రింగులై నూనె మొత్తం రోడ్డు పాలవుతుంది" అని వెనక్కి పంపారు. నిజంగానే అది ఇంజనుకి అతుక్కుని ఉందట. ఆ డాక్టరమ్మ అప్పటినుంచి పాతదాన్ని తుడిచి, రింగుతో సహా పళ్ళెంలో పెట్టినంత మర్యాదగా తెచ్చేది.

అలాంటి భక్తులు తక్కువ. మిగతావాళ్ళు విసుక్కుని ఎదుటి షాపుకి వెళ్ళిపోసాగారు. అక్కడ అద్దాల తలుపులు, తెల్లటి దీపాలు, ఏది అడిగితే అది ఇచ్చి నవ్వే మనుషులు. మా షాపులో దుమ్ము, మామగారు, ప్రశ్న. మా ఆయన బడిలో లెక్కలు చెబుతారు, షాపు వైపు తొంగిచూడరు. ఇలాగే సాగితే ఏడాది తిరిగేలోగా షట్టరు దించేయాల్సి వస్తుందని నాకు అర్థమై, కొంగు బిగించి నేనే కౌంటరులో కూర్చున్నాను. కూర్చున్న వారానికే కంప్యూటరు తెచ్చి పెట్టాను. బండి మోడలు, పుట్టిన ఏడాది కొడితే చాలు, ఏ ఫిల్టరో నంబరుతో సహా చూపిస్తుంది.

మామగారు దానికేసి ఓ చూపు చూసి కుర్చీలో వెనక్కి వాలారు. బయట ఏదో కారు వచ్చి ఆగింది. ఆయన కళ్ళు మూసుకునే, "నాలుగో అర, ఎడమనుంచి ఆరోది" అన్నారు. కారాయన లోపలికి వచ్చాడు, వివరాలు అడిగాను, కొట్టాను, కంప్యూటరు కాసేపు ఆలోచించి నంబరు చూపించింది. నాలుగో అర, ఎడమనుంచి ఆరోది. ఆ వారం అంతా పందెం వేశాం. ఇంజను శబ్దం విని చెప్పారు, బండాయన చెప్పులకంటిన నూనె మరక చూసి చెప్పారు, ఒకసారి కేవలం హారను విని చెప్పారు. నా కంప్యూటరు ఒక్కసారి కూడా ఆయన్ని తప్పు పట్టలేకపోయింది. ముప్ఫై ఏళ్ళలో తప్పు సైజు ఇచ్చిన పాపాన పోలేదని ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతారు. అది గొప్పలు పోవడం కాదని నాకు అప్పుడు తెలిసింది.

కానీ నంబరు చెప్పేసిన మరుక్షణం మళ్ళీ కారాయన వైపు చెయ్యి చాపేవారు. "పాతది ఏదీ?"

"సైజు తెలిసిపోయింది కదా మామయ్యగారూ!"

"తెలిసింది."

"మరి పాతదెందుకు?"

"కావాలమ్మా."

"ఎందుకు కావాలి?"

"పాతది లేకుండా కొత్తది ఎలా ఇస్తాం?"

గోడకి తల కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. అలా పోగుచేసిన పాత ఫిల్టర్లన్నీ ఆయన షాపు వెనక గదిలోకి చేరవేసి తాళం వేసేవారు. ఆ గదిలోకి ఎవరినీ రానిచ్చేవారు కాదు. చాలనట్టు ఆదివారం సాయంత్రం అయ్యేసరికి చెప్పులు వేసుకుని, "అటువైపు పనుంది, వెళ్ళొస్తా" అని బయల్దేరేవారు. ఒకవారం తూర్పుకి, ఒకవారం పడమరకి. "ఈయనకి ఊరంతా అటువైపే" అని అత్తయ్యగారు మూతి తిప్పుకునేవారు.

ఇలా ఉండగా మా అదృష్టం టాక్సీ ఆఫీసు మేనేజరు రూపంలో నడిచివచ్చింది. పక్క వీధిలోనే వాళ్ళ స్టాండు. పదకొండు కార్లు. ఉదయం, మధ్యాహ్నం బడిపిల్లల్ని తిప్పుతాయి, మిగతా వేళల్లో బాడుగకి వెళతాయి. ఏడో బండి నడిపే పెద్దాయన్ని పిల్లలే కాదు, వీధంతా డ్రైవరు తాత అంటారు. ఏడాది పొడవునా వాటి ఫిల్టర్లన్నీ ఒకే షాపులో తీసుకుంటానని, ముందు ఒకసారి చూస్తానని కబురు పెట్టాడు. ఆ ఆర్డరు వస్తే మా షాపు నిలబడుతుంది. ఎదుటి షాపుకి పోతే మా షట్టరు సంగతి చెప్పక్కర్లేదు.

మేనేజరు వచ్చే ముందు మామగారి చేతిలో పెద్ద పిప్పరమెంటు బిళ్ళ పెట్టాను.

"ఇది నోట్లో వేసుకోండి. ఆయన వెళ్ళేదాకా నమలకూడదు, మింగకూడదు, మాట్లాడకూడదు."

"నేనేం మాట్లాడతానమ్మా?"

"ఏం మాట్లాడతారో ఈ వీధంతటికీ తెలుసు మామయ్యగారూ."

మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తాళాల గుత్తి, నడకలో తొందర. పదకొండు బండ్ల వివరాలు చదివాడు, నేను కొట్టాను, పదకొండు డబ్బాలు కౌంటరు మీద వరసగా నిలబెట్టాను. మామగారు బుగ్గ ఉబ్బించుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు.

"పని భలే చకచకా అవుతోందే" అన్నాడు మేనేజరు. "నాకూ ఇలాగే ఉండాలి. నా దగ్గర ఒకటే రూలు. బండి మూలపడిందంటే దాని డ్రైవరు కూడా ఇంటికే."

మామగారి బుగ్గ ఒకసారి కదిలింది. నేను కళ్ళతోనే బతిమాలాను. మేనేజరు డబ్బాలన్నీ సంచిలో వేయించుకున్నాడు, నాకు నమస్కారం పెట్టాడు, గుమ్మం దాటడానికి కాలు ఎత్తాడు. అప్పుడు వినిపించింది, పటుక్కుమని పిప్పరమెంటు విరిగిన చప్పుడు.

"అయ్యా! పాతవి ఏవీ?"

మేనేజరు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి వెనక్కి తిరిగాడు. "ఏంటీ?"

"పదకొండు కొత్తవి తీసుకెళ్తున్నారు. పదకొండు పాతవి రావాలి కదండీ?"

"ఎదుటి షాపులో ఇవేమీ అడగరండీ." నా వైపు తిరిగాడు. "పాతవే కదా, రేపు పొద్దున్న పంపిస్తాను, దండ గుచ్చుకోండి. ఆర్డరు మీకివ్వాలా, వాళ్ళకివ్వాలా అన్నది మాత్రం రేపు మధ్యాహ్నం చెబుతాను."

ఆ సాయంత్రం నేను మామగారితో మాట్లాడలేదు. ఆయన రెండుసార్లు దగ్గి, ఒకసారి మంచినీళ్ళు అడిగి, చివరికి మిగిలిన పిప్పరమెంటు ముక్కని కౌంటరు మీద నావైపు జరిపారు. నేను దాన్ని తిరిగి ఆయన వైపే జరిపాను.

మర్నాడు పొద్దున్నే టాక్సీ ఆఫీసు మనిషి ఒక గోనెసంచి దించి వెళ్ళాడు. పదకొండు పాత ఫిల్టర్లు, నూనె ఓడుతూ. మళ్ళీ ఏ బండిదని అడుగుతారేమోనని ఒక్కోదాని మీద బండి నంబరు కూడా రాసి పంపారు. మామగారి మొహం చూడాలి! పుట్టినరోజు పిల్లాడు కూడా అంత సంబరపడడు. సంచి భుజాన వేసుకుని వెనక గదిలో దూరారు. పదయింది, పదకొండయింది, రాలేదు. మధ్యాహ్నం మేనేజరు వచ్చే వేళకి ఈయన నూనె చేతులతో బయటికి వస్తే ఉన్న కాస్త ఆశా పోతుందని, తలుపు తోసుకుని నేనే లోపలికి వెళ్ళాను.

గది నిండా బట్టలు ఆరేసినట్టు తాళ్ళు కట్టి ఉన్నాయి. తాళ్ళకి క్లిప్పులు పెట్టి మడతలు మడతల కాగితాలు వేలాడుతున్నాయి. మామగారు స్టూలు మీద కూర్చుని, ఒక పాత ఫిల్టరు మూతని డబ్బా కోసినట్టు గుండ్రంగా కోసి, లోపలి కాగితాన్ని బయటికి లాగి, వెలుతురుకేసి పట్టుకుని భూతద్దంలో చూస్తున్నారు.

ఒక్కో కాగితం కిందా ఒక్కో చీటీ. దగ్గరికి వెళ్ళి చదివాను. 'డ్రైవింగ్ టీచరమ్మ. కొద్దిగా మెరుపు. ఆదివారం వెళ్ళి చెప్పాను. బాగుచేయించుకుంది.' 'పిల్లల డాక్టరమ్మ. శుభ్రం.' 'కూరగాయల వ్యానతను. చాలా ఆలస్యంగా మారుస్తున్నాడు. చేతిలో డబ్బు లేదేమో. ఏమీ అనకూడదు.'

"మామయ్యగారూ, ఏంటివన్నీ?"

"ఇంజను లోపల ఏదైనా అరుగుతుంటే ఆ పొడి ఈ కాగితంలోనే చిక్కుకుంటుందమ్మా. బండి ఆగిపోకముందే ఇది చెప్పేస్తుంది."

"అంటే పాతది అడిగేది సైజు కోసం కాదా?"

"సైజుకి పాతదెందుకు? నాకు తెలుసు. నీ కంప్యూటరుకి కూడా తెలుసు." కంప్యూటరుని ఆయన మెచ్చుకోవడం అదే మొదటిసారి.

"ఆ మాటే వాళ్ళకి చెప్పచ్చు కదా!"

"కౌంటరు దగ్గర నలుగురిలో నిలబెట్టి నీ ఇంజను పాడవుతోందంటే ఎంత కంగారు పడతారు? పొడి కనిపిస్తే ఇంటికి వెళ్ళి మెల్లగా చెబుతాను. లేకపోతే ఆ దిగులే ఉండదు."

ఆదివారాల 'అటువైపు పని' ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ ఈ మనిషినా నేను విసుక్కున్నది అనుకుంటే సిగ్గేసింది. ఈలోగా ఆయన చేతిలో కాగితం ఆగిపోయింది. ఇటు రమ్మని సైగ చేశారు. నల్లటి నూనె మడతల్లో, చమ్కీలు చల్లినట్టు సన్నటి వెండి తళుకులు.

"బేరింగు. బాగా అరిగింది. ఏ బండి ఇది?"

డబ్బా తిప్పి చూశాను. "ఏడు."

"డ్రైవరు తాతది! ఇప్పుడు టైమెంత?"

పన్నెండుకి పది నిమిషాలు తక్కువ. పన్నెండింటికి బడి పిల్లల కోసం కార్లు బయల్దేరతాయి. మామగారు నూనె చేతులతోనే పరుగందుకున్నారు, ఒక కాలికి ఆయన చెప్పు, రెండో కాలికి నా చెప్పు. కంప్యూటరు కట్టేసి, షట్టరు సగం దించి, మిగిలిన రెండు చెప్పులూ వేసుకుని నేనూ వెనకాలే పరిగెత్తాను.

మేం వెళ్ళేసరికి ఏడో బండి ఇంజను అప్పుడే స్టార్టయింది. డ్రైవరు తాత నెరిసిన జుట్టు దువ్వుకుని, వెనక సీటు మీద పిల్లల కోసం పెట్టిన కథల పుస్తకాలు సర్దుతున్నాడు. మామగారు వెళ్ళి బండికి అడ్డంగా నిలబడ్డారు. తాత దిగివచ్చాడు. మామగారు గొంతు తగ్గించి అడిగారు.

"నీ పాత ఫిల్టరు కాగితంలో బేరింగు పొడి కనిపించింది. ఇంజను టక్కుటక్కుమంటోంది కదూ?"

తాత మొహంలో రంగు పోయింది. "రెండు వారాలైందండీ. చెబితే బండీ ఉండదు, నేనూ ఉండను. ఇవాళ చెప్పేద్దాం, రేపు చెప్పేద్దాం అనుకుంటూనే..."

ఆఫీసులోంచి మేనేజరు తాళాలు ఆడించుకుంటూ వచ్చేశాడు. "ఏంటిక్కడ గొడవ? ఈ బండికేమైంది?"

తాత కళ్ళు నేలకి దిగిపోయాయి. మామగారు నూనె చేతులు రెండూ జోడించారు.

"తప్పు నాదండీ. ఈ బండికి సైజు తప్పు ఇచ్చాను."

ముప్ఫై ఏళ్ళుగా ఒక్క సైజు తప్పని మనిషి! కళ్ళు మూసుకుని హారను విని చెప్పే మనిషి! అదీ పదిమంది డ్రైవర్లు చుట్టూ చేరి వింటూండగా!

"సైజు తప్పిన ఫిల్టరుతో నూనె సరిగ్గా ఎక్కదండీ. ఈపాటికి లోపల ఏమైనా దెబ్బతిని ఉండచ్చు. ఇంజను విప్పి చూపించాలి. ఇందులో డ్రైవరు తప్పు ఇసుమంత కూడా లేదు. మాకు తెలిసిన మెకానిక్కు ఉన్నాడు, అతను చేస్తాడు, ఆ భారం మాదే."

మేనేజరు నా వైపు తిరిగాడు. "నిన్న మీరు కంప్యూటరులో చూసి ఇచ్చారు కదమ్మా?"

సైజు నూటికి నూరుపాళ్ళూ సరైనదే. నంబరు నాకు కంఠతా ఉంది. ఆ మాట అంటే ఆర్డరు దక్కుతుంది, షాపు నిలబడుతుంది. తాత మాత్రం రేపటినుంచి ఇంట్లో కూర్చుంటాడు. వెనక సీటు మీద కథల పుస్తకాలు కనిపించాయి. ఇక ఆలోచించలేదు.

"అవునండీ. నంబరు నేనే తప్పు కొట్టాను. మామయ్యగారిది తప్పేం లేదు."

"కాదండీ, నాదే!" అన్నారు మామగారు.

"ఆయన పెద్దవారు, అలాగే అంటారు. నాది."

"అమ్మాయ్, నువ్వు మధ్యలో రాకు! డబ్బా తీసి పెట్టింది నేను!"

"మీరెప్పుడు తీశారు? మీ చేతులు తొడల కింద ఉన్నాయి!"

చుట్టూ ఉన్న డ్రైవర్లు ఫక్కుమన్నారు. మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నా కాళ్ళ వైపు, మామగారి కాళ్ళ వైపు కూడా చూశాడు. ఏడో బండిని మెకానిక్కు దగ్గరికి తోయించి, పిల్లలకి తన సొంత కారు పంపించాడు. తాతే నడిపాడు. సాయంత్రానికి మెకానిక్కు కబురు తెచ్చాడు. బేరింగులు మార్చితే చాలట. ఇంకో వారం తిరిగుంటే పిల్లలతో సహా దారి మధ్యలో బిగుసుకుపోయేదట.

ఆర్డరు పోయిందనే అనుకున్నాం. రెండు రోజుల తర్వాత మేనేజరు షాపులోకి వచ్చాడు. మామగారు అలవాటు కొద్దీ కళ్ళజోడు జార్చారు. ఆయన నోరు తెరిచేలోగానే మేనేజరు ఒక ఫిల్టరుని తీసి కౌంటరు మీద పెట్టాడు.

"ఇదిగో, పాతది. ఏడో బండికి మీరిచ్చిన ఆ తప్పు సైజుది. సరైన సైజుది ఇవ్వండి."

మొన్న విసుక్కున్న మనిషే అడగకుండా పాతది తెచ్చాడు! మామగారి కళ్ళు చెమర్చాయి. ఆనందంలో ఒళ్ళు తెలియలేదు. దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలితో అంచు తడిమి, గోరుతో మర గీకి, సంతృప్తిగా తల ఊపారు.

"దీనికేమండీ, ఏడో బండికి సరిగ్గా అతికినట్టు సరిపోతుంది!"

అనేశాక నాలిక కరుచుకున్నారు. నేను కంప్యూటరు వెనక్కి తల దాచుకున్నాను. మేనేజరు కడుపు పట్టుకుని నవ్వాడు.

"తాత అంతా చెప్పేశాడు లెండి. రూలు మార్చేశాను. చప్పుడు వినిపిస్తే చెప్పిన డ్రైవరు ఉంటాడు, దాచినవాడి సంగతే చూస్తాను. తాతని తీసేయడం నా వల్ల కూడా కాదు, పిల్లలు ఇంకో బండి ఎక్కరట. పదకొండు బండ్లకీ ఆర్డరు మీదే. పాతవి నెలనెలా నేనే పంపిస్తాను, మీరు కాగితాలు చూసి చెప్పండి." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "నా సొంత కారుకి కూడా ఒకటి ఇస్తారా?"

మామగారు చెయ్యి చాపారు.

"తెస్తా, తెస్తా!" అంటూ మేనేజరు మెట్లు దిగిపోయాడు.

ఇంత సంబరంలోనూ మామగారు ఆ పూటంతా ముభావంగా ఉన్నారు. అడగ్గా అడగ్గా చివరికి అన్నారు.

"నా షాపులో తప్పు సైజు ఇచ్చామని అంతమందిలో ఒప్పుకున్నావే అమ్మాయ్!"

"మొదలుపెట్టింది మీరే కదా మామయ్యగారూ!"

"నేను అంటే అన్నాను. నువ్వు అంత గట్టిగా అనాలా? వాళ్ళు నమ్మేశారు."

నేను డబ్బాలోంచి పిప్పరమెంటు బిళ్ళ ఒకటి తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని పళ్ళతో పటుక్కున రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క నాకిచ్చారు.